పది లక్షల వాట్లు పోస్తే ముప్పై వాట్లు

అలాస్కాలోని గకోనా దగ్గర హార్ప్ అనే పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి నుంచి 9,60,000 వాట్ల హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు లక్షల సార్లు ఊగే) రేడియో శక్తిని పైకి పంపి, దాని సాయంతో సెకనుకు 2,125 సార్లు ఊగే రేడియో తరంగాన్ని ఆకాశంలోనే పుట్టించారు. దాన్ని 4,400 కిలోమీటర్ల అవతల, పసిఫిక్ మధ్యలోని మిడ్‌వే దీవిలో పట్టుకున్నారు. ఈ ఫలితం 2007లో అచ్చయింది. మిడ్‌వేలో అందిన సంకేతం నుంచి వెనక్కి లెక్క కడితే, పైన పుట్టిన తరంగం శక్తి 4 నుంచి 32 వాట్ల మధ్య ఉందని తేలింది. పెద్ద అంకెనే తీసుకున్నా లక్ష వాట్లకు మూడు వాట్ల చొప్పున గిట్టుబాటయినట్టు.

హార్ప్ గురించి నాతో వాదనకు దిగేవాళ్లలో రెండు జట్లున్నాయి. ఒక జట్టుకు అది భూకంపాలు పుట్టించే, వరదలు కురిపించే ఆయుధం. రెండో జట్టు చదువుకున్నవాళ్లది. వీళ్లకు అది చేజారిన అవకాశం. ఆకాశాన్నే యాంటెన్నా చేసుకుంటే జలాంతర్గాములకు ఎక్కడికైనా కబురు పంపవచ్చని, ఇంకాస్త పెద్ద కేంద్రం కడితే సరిపోతుందని వీళ్ల నమ్మకం. చిత్రమేమిటంటే, రెండు జట్లదీ ఒకే విశ్వాసం. ఆ యంత్రం మహాబలమైనదని. ఒకరు దాన్ని చూసి జడుసుకుంటారు, ఇంకొకరు మురిసిపోతారు.

నా వాదన వేరు. ఐనోఆవరణాన్ని (సుమారు 60 కిలోమీటర్ల పైన, ఎలక్ట్రాన్లు విడిగా తిరిగే గాలి పొరలను) వేడిచేసి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు పుట్టించే ప్రక్రియకు నలభై ఏళ్లుగా రాస్తున్న కంప్యూటర్ నమూనాల వల్ల మనకు ఒరిగిన గొప్ప లాభం ఒకటే. ఈ యంత్రం ఎంత బలహీనమో, ఎంత పెంచినా ఎందుకు బలహీనంగానే ఉంటుందో అవి చూపించాయి. అంతకు మించి, ఫలానా రాత్రి సంకేతం ఎంత వస్తుందో చెబుతామని అవి అన్నప్పుడు మాత్రం నేను అంత తేలికగా నమ్మను. ఈ రెండు మాటలకూ పొసగదని అనిపించవచ్చు, కానీ రెంటికీ కారణం ఒకటే.

కథ మొదలైంది మామూలు రేడియోతోనే. 1933లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో టెలెగెన్ అనే ఇంజనీరు స్విట్జర్లాండ్‌కు చెందిన బెరోమున్‌స్టర్ స్టేషన్ వింటుంటే, వెనక నుంచి లక్సెంబర్గ్ రేడియో కార్యక్రమం వినిపించింది. రెండు స్టేషన్ల పౌనఃపున్యాలూ వేరు, కాబట్టి ట్యూనింగ్ లోపం కాదు. మరుసటి ఏడాది బెయిలీ, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు కారణం చెప్పారు. లక్సెంబర్గ్ ప్రసారం తన దారిలోని ఎలక్ట్రాన్లను కొద్దిగా వేడెక్కించింది. ఆ వేడి, ప్రసారంలోని మాటకూ పాటకూ తగ్గట్టు హెచ్చుతగ్గులయింది. అదే చోటు మీదుగా వెళ్లిన స్విస్ తరంగం ఆ హెచ్చుతగ్గులను మోసుకుని కిందికి దిగింది. మనుషులు ఐనోఆవరణాన్ని వేడిచేయడం ఆనాటికే మొదలైందన్నమాట, తెలియకుండానే.

తెలిసి చేసిన పని 1974 నాటిది. సోవియట్ యూనియన్‌లోని గోర్కీలో గెట్‌మాన్‌సెవ్ బృందం బలమైన హెచ్ఎఫ్ తరంగాలతో ఐనోఆవరణాన్ని లయబద్ధంగా వేడిచేసి, ఆ లయకు సరిపోయే తక్కువ పౌనఃపున్యపు తరంగం అక్కడే పుట్టడాన్ని గమనించింది. 1980ల్లో నార్వేలోని ట్రోమ్సో దగ్గర జర్మన్లు కట్టిన కేంద్రం ఈ విద్యను కొలతలకు, సూత్రాలకు లొంగదీసింది. హార్ప్ నిర్మాణం 1993లో మొదలైంది. 2007 నాటికి 180 యాంటెన్నాలతో, 36 లక్షల వాట్ల సామర్థ్యంతో పూర్తయింది. మొదట్లో డబ్బు పెట్టింది అమెరికా వైమానిక, నౌకాదళాలు. 2015 నుంచి అది అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది.

ట్రోమ్సో, హార్ప్ కేంద్రాలు ధ్రువం వైపే ఎందుకు ఉన్నాయంటే, ధ్రువజ్యోతులు కనిపించే మండలంలో సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున సహజంగానే ఒక విద్యుత్ ప్రవాహం ఉంటుంది. దాన్ని ధ్రువ ఎలక్ట్రోజెట్ అంటారు. సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి, భూమి అయస్కాంత క్షేత్రం కలిసి దాన్ని నడుపుతాయి. కింది నుంచి మనం పంపే హెచ్ఎఫ్ తరంగం ఆ ప్రవాహాన్ని సృష్టించదు. అది ప్రవహించే చోట ఎలక్ట్రాన్లను వేడిచేసి, వాహకతను మారుస్తుంది, అంతే. చెరువు నీరు మనది కాదు, తూము తలుపు ఎత్తి దించడం మాత్రమే మన చేతిలో ఉంది. సెకనుకు రెండు వేల సార్లు ఎత్తి దించితే, ప్రవాహం రెండు వేల సార్లు హెచ్చుతగ్గులవుతుంది. హెచ్చుతగ్గులయ్యే ప్రవాహం ఏదైనా యాంటెన్నాయే.

ఇక ఆ తూము దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. 75 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకోండి. చుట్టూ గాలి చాలా పలచన, అయినా అది సెకనుకు ఇరవై, ముప్పై లక్షల సార్లు నత్రజని, ఆక్సిజన్ అణువులను ఢీకొంటూ ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని సెకనుకు దాదాపు పదిహేను లక్షల చుట్లు తిప్పాలని చూస్తుంది. ఈ రెండింటి మధ్య పోటీయే అక్కడి వాహకతను నిర్ణయిస్తుంది. ఇప్పుడు హెచ్ఎఫ్ తరంగం వచ్చి ఎలక్ట్రాన్‌ను ఊపుతుంది. ఊపులో ఉండగా అణువును ఢీకొంటే, ఆ ఊపు కాస్తా వేడిగా మారుతుంది. వేడెక్కిన ఎలక్ట్రాన్ మరింత తరచుగా ఢీకొంటుంది. తరచుగా ఢీకొనే ఎలక్ట్రాన్ తరంగం నుంచి మరింత శక్తిని లాగేసుకుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. కింది పొర వేడెక్కిన కొద్దీ ఎక్కువ మింగుతుంది కాబట్టి పై పొరకు అందేది తగ్గుతుంది. అందుకే ఈ లెక్కను ఒకే సూత్రంతో తేల్చలేం. 50 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి, కిలోమీటరో ఇంకా తక్కువో మందమున్న పొరలుగా విడగొట్టి, ప్రతి పొరలో ఎంత శక్తి ఖర్చయిందో చూసి, మిగిలినదాన్ని పై పొరకు అప్పగిస్తూ పోవాలి. కొన్ని మైక్రోసెకన్లు గడిచాక మళ్లీ కింది నుంచి మొదలు. ప్రతి పొరలోనూ రాబడి ఒక వైపు, ఖర్చు ఒక వైపు. రాబడి తరంగం నుంచి వస్తుంది. ఖర్చు మాత్రం మూడు రకాలు. మామూలు ఢీకొట్టుడులో పోయేది, అణువులను గిరగిరా తిప్పడంలో పోయేది, అణువులను లోలోపల కంపింపజేయడంలో పోయేది. మొదట 200 కెల్విన్ల చుట్టూ ఉండే ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత బలమైన హీటర్ (కింది నుంచి హెచ్ఎఫ్ పంపే కేంద్రం) కింద వెయ్యి కెల్విన్లు కూడా దాటుతుంది. కానీ అలా పెరిగిన కొద్దీ మూడో రకం ఖర్చు గేట్లు తెరుచుకుంటాయి.

ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు నేను కూడా ఈ లెక్కను ల్యాప్‌టాప్ మీద రాసుకున్నాను. పేపర్లలో చదివితే అంటని విషయం, సొంతంగా రాస్తే అంటుకుంటుంది. హీటర్ శక్తిని రెట్టింపు చేస్తే గీత ఎంత పైకి పోతుందో చూడాలని ఉబలాటం. అది మొదట బుద్ధిగా పైకి పోయి, తర్వాత వంగడం మొదలుపెడుతుంది.

ఆ వంపు ఎంత ముఖ్యమో చెప్పాలంటే ఆశావాదుల అంకగణితం చెప్పాలి. పుట్టే తరంగం తీవ్రత ప్రవాహపు హెచ్చుతగ్గులను బట్టి ఉంటుంది, దాని శక్తి ఆ తీవ్రతకు వర్గం. కాబట్టి హీటర్ శక్తి రెట్టింపు చేస్తే ఫలం నాలుగింతలు, పదింతలు చేస్తే వందింతలు కావాలి. కాగితం మీద ఈ లెక్క ముచ్చటగానే ఉంటుంది. ఇంకా పెద్ద హీటర్లు కట్టండి, సామర్థ్యం తనంతట తానే పెరుగుతుంది అనే వాదనకు పునాది ఇదే. అయితే 2006లో మూర్, ఇనాన్, బెల్ అనే శాస్త్రవేత్తలు హార్ప్‌లో కొలిచి, శక్తి పెంచిన కొద్దీ ఫలం పెరుగుదల మందగిస్తోందని చూపించారు. నమూనాలో కనిపించిన వంపు ఆకాశంలోనూ ఉంది. ఇంజనీర్ల చేతగానితనం కాదిది. అణువులకు కంపించే గుణం ఉన్నంత కాలం ఈ వంపు ఉంటుంది.

భయపడే జట్టుకు చెప్పాల్సిన సమాధానం ఇంకా చిన్నది. 80 కిలోమీటర్ల ఎత్తున ఒక ఘన సెంటీమీటరులో వెయ్యి ఎలక్ట్రాన్లు ఉంటే, గాలి అణువులు దాదాపు 4 కోట్ల కోట్లు ఉంటాయి. అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌కు నలభై వేల కోట్ల అణువులు. ఎలక్ట్రాన్ వెయ్యి కెల్విన్లకు చేరినా ఆ గుంపులో ఆ వేడి ఎవరికీ తెలియదు. హీటర్ ఆపిన మిల్లీసెకనులో అదీ చల్లారిపోతుంది. నూరు కిలోమీటర్ల ఎత్తున హార్ప్ పూర్తి శక్తితో పంపే తరంగం చదరపు మీటరుకు సుమారు 0.03 వాట్లు. అక్కడే సూర్యకాంతి 1,361 వాట్లు. నలభై వేల రెట్లకు పైగా తేడా. పైగా మబ్బులు, వానలు, తుపానులు అన్నీ పదహారు, పదిహేడు కిలోమీటర్ల లోపు వ్యవహారం. ఆ గాలి గుండా ఈ తరంగం దాదాపు ఏమీ పోగొట్టుకోకుండా దాటిపోతుంది.

2022 జూలైలో గోదావరికి భారీ వరద వచ్చినప్పుడు, క్లౌడ్ బరస్ట్ వెనక విదేశీ కుట్ర ఉందనే ప్రచారం ఉందని, అది ఎంతవరకు నిజమో తెలియదని అప్పటి ముఖ్యమంత్రి భద్రాచలంలో అన్నారు. ఆయన ఏ యంత్రం పేరూ చెప్పలేదు. నా ఫోనుకు వచ్చిన వీడియోలు ఆ లోటు తీర్చాయి, ప్రతి దాంట్లోనూ గకోనా యాంటెన్నాల బొమ్మే. ఆ వీడియోలు పంపే బంధువులతో నేను రాజకీయం మాట్లాడను. "బాబాయ్, సూర్యుడు రోజూ చేసే పనిలో నలభై వేల వంతు ఇది" అంటాను. బాబాయ్ ఒప్పుకున్నట్టు తలాడించి, మర్నాడు ఇంకొకటి పంపుతారు.

ఆశపడే జట్టుతో వాదన ఇంతకంటే ఆసక్తికరం, ఎందుకంటే వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళం కోసం 2,900 ఎకరాల్లో వీఎల్ఎఫ్ (చాలా తక్కువ పౌనఃపున్యపు రేడియో) కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. పత్రికలు దాన్ని రాడార్ స్టేషన్ అని రాశాయి గానీ, అది దేన్నీ వెతకదు, జలాంతర్గాములకు కబుర్లు పంపుతుంది. అడవి కోసం గొంతెత్తిన ఒక మిత్రుడు నన్ను అడిగాడు: "ఆకాశాన్ని వేడిచేసి అదే పని చేయవచ్చు కదా, చెట్లు కొట్టడం దేనికి?"

చేయలేం, దానికి రెండు కారణాలు. మొదటిది సముద్రం. ఉప్పునీటిలో రేడియో తరంగం త్వరగా చచ్చిపోతుంది. 18 కిలోహెర్ట్జ్ తరంగం ప్రతి రెండు మీటర్లకు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. 76 హెర్ట్జ్ తరంగమైతే అలా పడిపోవడానికి 29 మీటర్లు పడుతుంది. అందుకే అమెరికా నౌకాదళం విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో పదుల కిలోమీటర్ల తీగలు పరిచి 76 హెర్ట్జ్ కేంద్రాలు నడిపింది. మూడక్షరాల సంకేతం పంపడానికి పావుగంట పట్టేది. 2004లో వాటిని మూసేశారు. తిరునెల్వేలి జిల్లాలోని మన నౌకాదళ కేంద్రం ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ 1990 నుంచి వీఎల్ఎఫ్‌లో ప్రసారం చేస్తోంది. నమ్మకంగా, రోజంతా, కోరిన క్షణాన పంపగలగడం ఈ పనికి ప్రాణం. ఎలక్ట్రోజెట్ అలా మన మాట వినదు. అది ఉన్న రాత్రి ఉంటుంది, లేని రాత్రి ఉండదు.

రెండో కారణం చోటు. దామగుండం మీద ఏ ఎలక్ట్రోజెట్టూ లేదు. మన దేశంలో ఉన్నది భూమధ్య ఎలక్ట్రోజెట్. అయస్కాంత మధ్యరేఖ కేరళ, తమిళనాడు దక్షిణ కొసల మీదుగా పోతుంది. 1963లో తుంబాను రాకెట్ ప్రయోగాలకు ఎంచుకోవడానికి కారణం అదే. భూమధ్య ఎలక్ట్రోజెట్‌ను వేడిచేసి తరంగం పుట్టించే ప్రయోగం ఒకటి పెరూలోని హికమార్కాలో జరిగింది, దాని ఫలితాలు 1984లో వచ్చాయి. కానీ ఆ ప్రవాహం పగలు మాత్రమే బలంగా ఉంటుంది, పగలే కింది పొరలో ఎలక్ట్రాన్లు దట్టంగా ఉండి హెచ్ఎఫ్ శక్తిని దారిలోనే మింగేస్తాయి. దామగుండంలో అడవి కొట్టాలా వద్దా అనే ప్రశ్నకు ఈ లెక్క సమాధానం చెప్పదు. ఆ వాదనకు నీళ్లు, నేల, జనం వేరే ఆధారాలున్నాయి. ఆకాశపు యాంటెన్నాను ప్రత్యామ్నాయంగా చూపితే మాత్రం ఆ వాదన బలహీనపడుతుందని మిత్రుడికి చెప్పాను.

ఇప్పుడు నమూనాలతో నా పేచీ. మొత్తం లెక్కలో మూడు మెట్లున్నాయి. వేడిచేయడం మొదటిది. మారిన వాహకతను అక్కడి విద్యుత్ క్షేత్రంతో గుణించి ప్రవాహం రాబట్టడం రెండోది. ఆ ప్రవాహం నుంచి పుట్టిన తరంగం భూమికీ ఐనోఆవరణానికీ మధ్య ఉన్న సందులో ఎలా ప్రయాణిస్తుందో చూడడం మూడోది. మూడో మెట్టుకు స్టాన్‌ఫర్డ్‌లో లెహ్తినెన్, ఇనాన్ 2008లో చక్కని పద్ధతి ప్రచురించారు. మొదటి మెట్టులో ఢీకొట్టుడు లెక్కలు ప్రయోగశాల కొలతల మీద నిలిచినవి. కాబట్టి ఈ రెండింటి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

బలహీనమైనది రెండో మెట్టు, దానికి తోడు మొదటి మెట్టుకు ఇచ్చే ముడిసరుకు. ఆ రాత్రి విద్యుత్ క్షేత్రం ఎంత? 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, డి పొరలో, ఎలక్ట్రాన్లు ఎన్ని? ఇవి నేరుగా కొలవడం చాలా కష్టం. బెలూన్లు అంత ఎత్తుకు ఎక్కలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగలేవు. రాకెట్ పంపితే అది ఉన్న కొద్ది నిమిషాలే సమాచారం. అందుకే చాలా లెక్కల్లో సగటు పట్టికల నుంచి తీసుకున్న అంకెలు పోస్తారు. ధ్రువజ్యోతి ఆడే రాత్రి సగటు రాత్రి కాదు కదా.

నా లెక్కలో నెమ్మదైన రాత్రి పట్టికను తీసి, అలజడి రాత్రి పట్టికను పెట్టి చూశాను. ఎలక్ట్రోజెట్ ఉధృతంగా ఉండే రాత్రి కాబట్టి సంకేతం పెరగాలని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే హెచ్ఎఫ్ శక్తి చాలావరకు 70 కిలోమీటర్ల దగ్గరే ఖర్చయిపోయి, ప్రవాహం బలంగా ఉన్న ఎత్తుకు చేరేది అడుగంటింది. ఆకాశమంతా పచ్చగా వెలిగిపోతుంటే కింద పరికరంలో సంకేతం నీరసించడం ఈ రంగంలో పనిచేసేవాళ్లకు అనుభవమే. అంటే ఎలక్ట్రాన్ల పట్టికను కాస్త అటూ ఇటూ జరిపితే ఫలితం కావలసినంత మారుతుంది. విద్యుత్ క్షేత్రాన్ని కూడా మనమే ఎంచుకుంటే, ఏ రాత్రి కొలతకైనా ఏ నమూనానైనా సరిపెట్టవచ్చు. అలాంటి సరిపోలికను గ్రాఫు వేసి చూపిస్తే నాకు నవ్వొస్తుంది.

మరి నమూనాను పరీక్షించడం ఎలా? నిష్పత్తులతో. విద్యుత్ క్షేత్రం లెక్కలో గుణకంగా మాత్రమే వస్తుంది, అది కొన్ని సెకన్లలో పెద్దగా మారదు. కాబట్టి హీటర్‌ను కొన్ని సెకన్లు ఒక తీరుగా, వెంటనే ఇంకో తీరుగా నడిపి, రెండు ఫలితాలను ఒకదానితో ఒకటి భాగిస్తే ఆ తెలియని గుణకం కొట్టివేతకు పోతుంది. శక్తిని మెట్లు మెట్లుగా పెంచినప్పుడు వంపు ఎక్కడ మొదలైంది, మూల పౌనఃపున్యానికీ దాని మూడో రెట్టుకూ మధ్య నిష్పత్తి ఎంత, తరంగం తిరిగే దిశ మార్చితే ఎంత తేడా వచ్చింది, ఇవన్నీ అలాంటి ప్రశ్నలే. వీటిలో నెగ్గిన నమూనాకు నేను తల వంచుతాను. పైన చెప్పిన 2006 నాటి కొలతకు నా దృష్టిలో అంత విలువ ఉండడానికి కారణం కూడా ఇదే.

దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. 1990 ప్రాంతంలో పాపడోపౌలోస్ తదితరులు ఒక ఉపాయం చెప్పారు. ఎలక్ట్రాన్ వేడెక్కినంత వేగంగా చల్లారకపోతే, హీటర్ కిరణాన్ని ఒకేచోట నిలపకుండా చకచకా అటూ ఇటూ తిప్పి, చాలా పెద్ద విస్తీర్ణాన్ని ఒకేసారి వేడిగా ఉంచవచ్చని. ఆ ఉపాయం నిలబడేదీ పడిపోయేదీ పూర్తిగా చల్లారే వేగం మీదే. చల్లారడానికి పట్టే సమయం ఎత్తును బట్టి మారుతుంది. 90 కిలోమీటర్ల దగ్గర మిల్లీసెకను స్థాయిలో ఉంటే, 75 దగ్గర దానిలో పదో వంతు చుట్టూ ఉంటుంది. తర్వాత 2008లో మోరిస్ కోహెన్ బృందం హీటర్‌ను ఆపకుండా, కిరణాన్ని మాత్రం కావలసిన లయలో ఆకాశంలో గీతలుగా నడిపి, మామూలు పద్ధతి కంటే ఎక్కువ ఫలం రాబట్టింది. పైగా తరంగం ఎటు పోవాలో కొంతవరకు మళ్లించగలిగింది. ఏ పద్ధతి ఎందుకు నెగ్గిందో తేల్చినవి పక్కపక్కన పెట్టి చేసిన పోలికలే, ఒంటరి అంకెలు కావు.

ఇలా చూస్తే హీటర్‌కు అసలైన ఉద్యోగం దొరుకుతుంది. జలాంతర్గాములకు కబుర్లు పంపే పనికి అది పనికిరాదు, కానీ ఎవరూ వెళ్లలేని డి పొరను కింది నుంచి తట్టి చూసే పనికి దానంత మంచి సాధనం తక్కువ. నమూనాలోకి తెలియని అంకె పోసి సంకేతాన్ని ఊహించడం మానేసి, సంకేతం నుంచి ఆ అంకెనే వెనక్కి రాబట్టాలి. పరికరం బలహీనమైనా దీనికి ఇబ్బంది లేదు. అలాస్కాలో హార్ప్‌కు దగ్గర్లోని చిస్టోచినాలో పెట్టిన గ్రాహకాలు పికోటెస్లా స్థాయి క్షేత్రాలను పట్టగలిగాయి. భూమి అయస్కాంత క్షేత్రంలో అది కోట్ల వంతు.

మన దగ్గర హీటర్ లేదు. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, వేడిచేయడానికి అది పుట్టలేదు. కానీ డి పొరను తట్టడానికి మెరుపులు ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద సెకనుకు నలభైకి పైగా మెరుస్తాయి, ఒక్కోటీ తక్కువ పౌనఃపున్యాల్లో హార్ప్ కలలో కూడా ఇవ్వలేనంత శక్తిని చిమ్ముతుంది. రాత్రివేళ దూరపు మెరుపు తరంగం భూమికీ ఐనోఆవరణానికీ మధ్య ఎగిరెగిరి వచ్చేటప్పుడు, 1.75 కిలోహెర్ట్జ్ చుట్టూ ఒక తోకలాగా సాగి ఆగిపోతుంది. ఆ పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి, దానితో కాంతి వేగాన్ని భాగిస్తే దాదాపు 86 కిలోమీటర్లు వస్తుంది. ఆ రాత్రి ఆకాశపు కప్పు ఎత్తు అదే. చెక్క చట్రం మీద చుట్టిన రాగి తీగ, ఒక చిన్న యాంప్లిఫయర్, కంప్యూటర్ సౌండ్ కార్డు ఉంటే మన ఏ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులైనా దీన్ని కొలవవచ్చు. కష్టమల్లా విద్యుత్ లైన్ల 50 హెర్ట్జ్ గోల వినిపించని పొలం ఒకటి వెతుక్కోవడమే.